లింబవ్వ ఇంట్లో లేని నెట్టు

ఇంట్లో ఇంటర్నెట్ లేని బీద విద్యార్థులకు ప్రభుత్వం ఇంటర్నెట్ ఉచితంగా ఇస్తుందన్న కబురు వెల్దిపేటకు తొమ్మిది రోజులు ఆలస్యంగా చేరింది. ఆ ప్రకటన ఇంటర్నెట్‌లో మాత్రమే వేశారు మరి.

కబురు మోసుకొచ్చింది కట్కం లింబవ్వ కూతురు స్పందన. ఆ పిల్ల సర్కారు కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. అక్కడ ఫిజిక్సు చెప్పే లెక్చరరు రెండేళ్ళ కింద రిటైరయ్యాడు. ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోలేదు గానీ, ఆయన గది తలుపుకు ఒక కాగితం అంటించారు: "ఫిజిక్సు పాఠాలు ఇంటర్నెట్‌లో వినగలరు." స్పందన అలాగే వింటోంది, బస్టాండు పక్కన జిరాక్సు షాపులో, గిరాకీ లేనప్పుడు షాపాయన కంప్యూటరు ముందు నిలబడి. కానీ ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి ఒక పరీక్ష ఉంటుంది. మొత్తం పద్నాలుగు. అందులో పది రాసినవాళ్ళకే ఎండాకాలంలో ఇంజనీరింగు ప్రవేశ పరీక్షకు ఉచిత శిక్షణ. శనివారం వెల్దిపేటలో వారపు అంగడి. షాపాయన అయిదింటికే షట్టరు దించి కూరగాయలకు పోతాడు.

లింబవ్వ బీడీలు చుడుతుంది. ఆమె మగడు రాజేశం భీవండిలో మరమగ్గం నడుపుతాడు. ఇంట్లోకి ఒక పెద్ద ఫోను, ఒక చిన్న ఫోను ఉన్నాయి. పెద్దది భీవండిలో ఉంది. చిన్నదాంట్లో మాట్లాడొచ్చు, బ్యాటరీ నిండుగా ఉంటే టార్చి వెలుగుతుంది.

"అమ్మా, ఫ్రీగ ఇస్తరట. అప్లికేషన్ పెడుదాం," అంది స్పందన.

లింబవ్వ ఒళ్ళోని చాట దించి, కొంగుకంటిన తంబాకు దులుపుకుని, అప్పుడే బయల్దేరింది.

పంచాయతీ ఆఫీసులో ఆ పథకం చూసేది కొక్కుల భూమేష్. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తే ఉండే ఉద్యోగం. మెడలో బిళ్ళ, బిళ్ళ మీద "మండల అంతర్జాల పరిశీలకుడు" అని రెండు వరుసల్లో హోదా. దరఖాస్తులో ఇరవై ఏడు గళ్ళుంటే ఇరవై ఆరు అతనే ఓపిగ్గా నింపాడు. చివరి గడి దగ్గర కలం ఆపాడు.

"అంతర్జాల రాహిత్య ధ్రువపత్రం గావాలె అక్కా."

"అంటే ఏంది తమ్మీ?"

"మీ ఇంట్ల నెట్టు లేదని సర్కారు రాసిచ్చే కాయితం."

"లేదని నేనే చెప్తున్న గద."

"నువ్వు చెప్తే నడువది. లేదని నేనచ్చి సూడాలె."

"లేనిదాన్ని ఎట్ల సూస్తవ్?"

భూమేష్ కొంచెం ఇబ్బందిగా కదిలాడు. "దానికే మూడు దినాలు ట్రైనింగ్ ఇచ్చిండ్రు అక్కా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే భూమేష్ లింబవ్వ ఇంటికి వచ్చాడు. వాడకట్టు బీడీల ఆడవాళ్ళంతా చాటలతో సహా వచ్చి గడపలో కూచున్నారు. అతను శిక్షణలో చెప్పిన వరుస తప్పకుండా మంచం కింద చూశాడు, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూశాడు, దేవుడి పటాల వెనక టార్చి వేశాడు. ప్రతిచోటా చూశాక "లేదు" అని పైకి అనాలి. అన్నాడు. తునికాకు తడిపిన గోనెపట్టా ఎత్తి చూసి అక్కడ కూడా "లేదు" అన్నాడు.

"ఏమన్న దొరికితే మాకు సుత జెప్పు," అంది పక్కింటి గంగమణి.

చివరి ఘట్టం ఫోటో. తల్లీకూతుళ్ళు ఇంటి నడిమధ్య నిలబడి రెండు అరచేతులూ ఖాళీగా చూపించాలి. దీని పేరు రిక్తహస్త చిత్రం. అదే చోటి నుంచి, అదే నిమిషంలో, ఆఫీసు ఫోనులోంచి పైకి పంపాలి. బయటికి పోయి పంపితే, ఆఫీసులో కూచుని పంపితే చెల్లదు. గతంలో కొందరు పరిశీలకులు చెట్టు కింద పడుకుని పంపారట.

ఫోటో బాగానే వచ్చింది. పోవడమే పోలేదు. భూమేష్ నాలుగు మూలలూ తిరిగాడు. పీట ఎక్కాడు. పొయ్యి గట్టు ఎక్కాడు. గంట గడిచింది. లింబవ్వకు అతని మీద జాలి కలిగి, మునక్కాయలు తెంపే దోటి తెచ్చి, కొసకు ఫోను కట్టి, కప్పులో ఒక గూనపెంకు పక్కకు జరిపి పైకి ఎత్తింది. కింద ఆడవాళ్ళంతా ఊపిరి బిగబట్టారు. ఫోను ఒకసారి గుర్రుమంది.

"పోయింది!" అని అరిచాడు భూమేష్. అందరూ చప్పట్లు కొట్టారు. లింబవ్వ సంతోషం పట్టలేక అతనికి కోడిగుడ్డు పులుసుతో అన్నం పెట్టి పంపింది.

మూడో రోజున జవాబు వచ్చింది. భూమేష్ దాన్ని కాగితం మీద అచ్చు తీసి తెచ్చాడు. తనే చదివాడు, తలెత్తకుండా.

"పై దరఖాస్తుదారు గృహ మధ్యభాగము నుండి పంపబడిన చిత్రము అంతర్జాలము ద్వారా ఈ కార్యాలయమునకు సుస్పష్టముగా అందినది. కావున సదరు గృహమునందు అంతర్జాలము కలదని నిర్ధారణ అయినది. దరఖాస్తు తిరస్కరించడమైనది."

లింబవ్వకు సగమే అర్థమైంది. ఆ సగం చాలింది.

"అది నీ ఫోను గదరా!"

"అవునక్కా."

"దోటి నాది గద!"

"దోటి సంగతి అడిగే గడి లేదక్కా."

గంగమణి ఇంట్లో పరిస్థితి ఇంకోలా తేలింది. ఆమెకు ఇద్దరు కవల ఆడపిల్లలు, ఇద్దరూ పదో తరగతి. ఆమె కప్పు ఎత్తెక్కువ, దోటి అందలేదు, ఫోటో పోలేదు. ఆమెకొచ్చిన జవాబు చిన్నది: "చిత్రము అందలేదు. అంతర్జాలము లేదనుటకు ఆధారము లేదు. ఆధారము లేనందున ఉన్నట్లుగా భావించడమైనది."

ఈలోగా రెండు శనివారాలు పోయాయి.

సోమవారం నాడు లింబవ్వ బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోయింది. దోవ చూపడానికి భూమేష్ వెంట వచ్చాడు. జిల్లా అంతర్జాల వ్యాప్తి అధికారి దిగంబర్‌రావు గది చల్లగా ఉంది. ఆయన మర్యాదస్తుడు. లింబవ్వను కుర్చీలో కూర్చోమన్నాడు, మంచినీళ్ళిమ్మన్నాడు, చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు.

"అమ్మా, మీ ఆవేదన మా దృష్టికి వచ్చినది," అన్నాడు కళ్ళు తెరిచి. "అయితే ఈ పథకము యొక్క ఉద్దేశము ఏమి? అంతర్జాలము లేనివారికి అంతర్జాలము నందించుట. మీకు కలదు."

"మాకు లేదు సారూ."

"లేదని మీకు అనిపించవచ్చును. అనుభూతి వేరు, నివేదిక వేరు."

"ఆ ఫోను ఈ భూమేషుది సారూ. కట్టెకు గట్టి పైకెత్తినం."

"ఫోను ఎవరిది, కట్టె ఎవరిది అన్నది ప్రస్తుతము మన పరిశీలనలో లేదు. ఇల్లు ఎవరిది?"

"నాదే."

"చిత్రము ఎక్కడి నుండి వచ్చినది?"

"ఇంట్లకెల్లి."

దిగంబర్‌రావు జాలిగా చేతులు చాచాడు, ఇంతకంటే తేటగా తానేం చెప్పగలనన్నట్టు.

"పోనీ గంగమణి ఇంట్లకెల్లి రాలే గద సారూ. ఆమెకన్న ఇయ్యిండ్రి," అంది లింబవ్వ.

"రానిదానిపై చర్య తీసుకొనుట ఏ అధికారికిని సాధ్యము కాదమ్మా."

ఆ మాట అంటూ ఆయన బల్ల మీది కాగితం ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. జిల్లా మొత్తం లెక్క అది. వచ్చిన దరఖాస్తులు నాలుగు వేల మూడు వందల పదహారు. ఇంటర్నెట్ లేదని తేలిన ఇళ్ళు సున్నా. ఇన్నాళ్ళుగా ఆ సున్నాను చూసి ఆయన దిగులు పడుతున్నాడు. పథకం ఒక్కరికీ అందలేదని పైవాళ్ళు ఏమంటారోనని బెంగ. ఇప్పుడు, ఈ బీడీల మనిషి ఎదురుగా కూచుని లేదు లేదు అంటుంటే, ఆ సున్నా మొహం మారినట్టు తోచింది. కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు. దగ్గరగా పెట్టి చూశాడు.

"భూమేష్," అన్నాడు నెమ్మదిగా, "మన జిల్లాలో అంతర్జాలము లేని ఇల్లు ఒక్కటియు లేదు."

"అట్లనే తేలింది సార్," అన్నాడు భూమేష్ నేల చూస్తూ.

దిగంబర్‌రావు లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఒక్క తీగ లాగకుండా, ఒక్క స్తంభం పాతకుండా జిల్లా అంతటికీ ఇంటర్నెట్ అందించిన అధికారి దేశంలో ఇంకొకడు లేడని ఆయనకు ఆ క్షణంలోనే తెలిసింది.

పదిరోజుల్లో "సంపూర్ణ అంతర్జాల జిల్లా విజయోత్సవం" జరిగింది. నాలుగు వేల మూడు వందల పదహారు మందినీ పిలిచారు, బస్సులు పెట్టారు. లింబవ్వ పోననుకుంది. కానీ ఏదైనా ఇస్తారేమోనన్న ఆశతో స్పందన "పోయి రాయే అమ్మా" అనడంతో పోయింది. పెద్ద షామియానా, పెద్ద తెర. రాజధాని నుంచి పై అధికారి తెర మీద కనిపించి అభినందిస్తాడన్నారు. నెట్టు రాక తెర మీద ఒక చక్రం గంటన్నర తిరిగింది. ఆడవాళ్ళు కొందరు దాన్నే కార్యక్రమం అనుకుని ఓపిగ్గా చూశారు. చివరికి దిగంబర్‌రావు ఆ అభినందన కాగితం మీద తెప్పించుకుని తనే చదువుకున్నాడు, చదివి తనే చేతులు జోడించాడు.

ఇంటికొకటి చొప్పున పత్రాలు పంచారు. అద్దం కట్టిన ఫ్రేము, బంగారు రంగు అంచు, మూడు ముద్రలు, అడుగున దిగంబర్‌రావు సంతకం. లింబవ్వ ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని, పులిహోర పొట్లం పైన పెట్టుకుని బస్సులో ఇంటికొచ్చింది.

ఆ శనివారం నాలుగో పరీక్ష కూడా పోయింది. ఇక మిగిలినవి సరిగ్గా పది. ఒక్కటి తప్పినా శిక్షణ లేదు.

బుధవారం మధ్యాహ్నం లింబవ్వ కార్ఖానాలో బీడీలిచ్చి ఇంటికొచ్చేసరికి స్పందన గోడవారన కూచుని ఉంది. ఒళ్ళో చాట. చేతిలో కత్తెర. తునికాకు కొలతకు కోసి పక్కన పేరుస్తోంది. వేళ్ళు చకచకా ఆడుతున్నాయి. ఎప్పుడు నేర్చుకుందో, ఎవరూ నేర్పలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తోంది గదా.

"నాకు సుత కార్ఖానల బీడీల కార్డు దియ్యే అమ్మా," అంది తలెత్తకుండా. "ఇద్దరం జేస్తే జల్ది ఐతది."

ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఉంటే లింబవ్వ ఓదార్చేది. ఇప్పుడు వంగి చాట ఒళ్ళోంచి తీసేసింది, కత్తెర లాక్కుంది. చేతికి వేరే ఏదో ఒకటి ఇవ్వాలి గనుక ఎదురుగా కనిపించిన ఫ్రేము తీసి ఇచ్చింది.

"ఇది సదువు. ఏం రాసిండ్రో నాకు దెల్వాలె."

స్పందన విసుగ్గా చదివింది. "ఇందుమూలముగా ధ్రువీకరించునది ఏమనగా, కట్కం లింబవ్వ గారి గృహమునందు అంతర్జాల సౌకర్యము సంపూర్ణముగాను, నిరంతరాయముగాను కలదు..."

"ఇంకా?"

"సంతకం ఉన్నదే."

"సంతకం కింద చీమల లెక్క సన్నగ ఉన్నయి. అవ్వేంది?"

స్పందన ఫ్రేము కళ్ళ దగ్గర పెట్టుకుంది. "సదరు సౌకర్యమునకు ఏ అంతరాయము కలిగినను, ఫిర్యాదు అందిన నలుబది ఎనిమిది గంటలలో పునరుద్ధరింపబడును."

ఆ వాక్యం అక్కడికి ఎలా వచ్చిందంటే, ఆఫీసులో పత్రం రాసే తీరిక లేక మంచినీళ్ళ పథకం పత్రం తీసుకుని, నీళ్ళు అన్నచోటల్లా అంతర్జాలం అని దిద్దారు. మిగతాది అలాగే ఉంచారు.

"తెలుగుల జెప్పే," అంది లింబవ్వ.

"ఉన్న నెట్టు బందైతే, కంప్లేంట్ ఇస్తే రెండు దినాలల్ల బాగు జేస్తరట."

లింబవ్వ ఫ్రేము వంక చూసింది. తర్వాత గోడలన్నీ ఒకసారి చూసింది. కప్పు చూసింది.

"మనింట్ల నెట్టున్నదని సర్కారే రాసిచ్చింది గద?"

"ఇచ్చింది."

"ఇప్పుడు మనకు అస్తున్నదా?"

"ఎక్కడిదే అమ్మా..."

"మరి బందైనట్టే గద!"

స్పందన తల్లి మొహం వంక చూసింది. చాలా రోజుల తర్వాత మొదటిసారి అప్పుడు నవ్వింది.

మర్నాడు గురువారం సాయంత్రం ఆఫీసు మూసేలోపే భూమేష్ బల్ల మీద ఫిర్యాదు పడింది. అతను రెండుసార్లు చదివాడు. "ప్రభుత్వము ధ్రువీకరించిన మా ఇంటి ఇంటర్నెట్ పనిచేయడం లేదు. కనపడడం కూడా లేదు. దయచేసి బాగుచేయగలరు." జతగా పత్రం జిరాక్సు.

"లింబక్కా, నా నౌకరి వోతది," అన్నాడు.

"ఎందుకు వోతది? ఉన్నదని నీ ఫోటోతోనే తేలె. నీది అబద్ధమైతే నౌకరి వోతది. నేను నీది నిజమే అంటున్న."

భూమేష్ కాసేపు ఆలోచించి, ఆ వాదనలో తప్పు దొరకక, ఫిర్యాదు మీద తారీఖు, టైము వేసి ముద్ర కొట్టాడు.

ఫిర్యాదులు చూసేది దిగంబర్‌రావు కాదు. దానికి పునరుద్ధరణ విభాగం వేరే ఉంది. అందులో ఒక జీపు, నలుగురు మనుషులు, మేస్త్రీ ఆశన్న. పద్నాలుగు నెలలుగా వాళ్ళకు పని లేదు. జిల్లాలో ఎక్కడా ఏదీ పెట్టలేదు గనుక ఎక్కడా ఏదీ చెడిపోలేదు. జీపులో సామాను మాత్రం నిండుగా ఉంది. మొట్టమొదటి ఫిర్యాదు చేరగానే ఆశన్న కొత్త చొక్కా వేసుకున్నాడు. సంతకాలకు శుక్రవారం అంతా పట్టింది. శనివారం మధ్యాహ్నం రెండింటికి జీపు లింబవ్వ ఇంటి ముందు ఆగింది.

"ఎక్కడుండేనమ్మా కనెక్షను?" అన్నాడు ఆశన్న.

"ఇంట్లనే," అంది లింబవ్వ. "కాయితం సూడు."

ఆశన్న కాగితం చూశాడు. గోడ చూశాడు. "డబ్బా ఏది?"

"గదే లేదు."

ఆశన్న సంచిలోంచి నియమాల పుస్తకం తీసి వేలితో వెతికాడు. "డబ్బా లోపించిన యెడల కొత్త డబ్బా అమర్చవలెను," అని పైకి చదివి, మనుషులకు సైగ చేశాడు. "వైరేది?"

"గది సుత లేదు."

"తీగ లోపించిన యెడల కొత్త తీగ వేయవలెను." పేజీ తిప్పాడు. "స్తంభం?"

లింబవ్వ తల అడ్డంగా ఊపింది. ఆశన్న ఏమాత్రం తొణకలేదు. అతని జీవితంలో ఇంత సంపూర్ణంగా చెడిపోయిన కనెక్షను చూడలేదు. పద్నాలుగు నెలల ఆకలి మీదున్న మనిషి.

"దేంట్ల సూస్తుండ్రి? టీవీలనా, ట్యాబు పలకలనా?"

లింబవ్వ కూతురి వంక చూసింది. స్పందన "పలకల," అంది.

"ఏది?"

"అది సుత... కనవడ్తలేదు."

"అంత్య పరికరము లోపించిన యెడల," అంటూ ఆశన్న జీపు దగ్గరికి నడిచాడు.

స్తంభం పాతేసరికి నాలుగున్నర. తీగ లాగేసరికి అయిదూ పది. మనిషి నిచ్చెన మీద ఉండగానే స్పందన కొత్త పలక, నోటుపుస్తకం, పెన్ను, చెంబుతో నీళ్ళు పెట్టుకుని చాప మీద కూచుంది. అయిదూ నలభైకి డబ్బా మీద ఎర్రలైటు వెలిగింది. యాభైకి కూడా ఎర్రగానే ఉంది. ఆశన్న దాన్ని తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. లింబవ్వ పెదవి కొరుక్కుంటూ గుమ్మం పట్టుకుని నిలబడింది. వాడకట్టంతా గుమిగూడింది గానీ దగ్గేవాళ్ళు లేరు.

ఆరింటికి మూడు నిమిషాలుందనగా లైటు పచ్చబడింది.

స్పందన పరీక్ష రాస్తున్న గంటసేపు లింబవ్వ వీధిలో నిలబడి, దారిన పోయే మోటారు సైకిళ్ళను చప్పుడు చెయ్యొద్దని చేత్తో ఆపింది. ఏడింటికి పిల్ల బయటికొచ్చింది. "ఇరవైకి పదిహేడే అమ్మా," అంది. లింబవ్వ దారిలో ఆపిన మోటారు సైకిళ్ళకు ఇక పొమ్మని చెయ్యూపింది.

సోమవారం గంగమణి ఫిర్యాదు ఇచ్చింది. మంగళవారం వాడకట్టులో ముప్పైమంది ఇచ్చారు. వారం తిరిగేసరికి జిల్లా అంతటా ఫ్రేములు గోడల మీంచి దిగాయి, జిరాక్సు షాపులు నిండాయి. ఆశన్న రెండో జీపు కావాలని, ఇంకో పన్నెండుమంది మనుషులు కావాలని రాశాడు. ఆ కాగితం చూశాకే దిగంబర్‌రావుకు సంగతి తెలిసింది. ఆయన వెంటనే కారెక్కి వెల్దిపేట వచ్చాడు.

లింబవ్వ ఆయనకు కుర్చీ వేసింది, చాయ పెట్టింది. డబ్బా పచ్చలైటు ఆయన మొహానికి ఎదురుగా మిణుకుమంటోంది.

"అమ్మా, మీరు ఫిర్యాదు ఉపసంహరించుకొనవలెను," అన్నాడు. "లేనిది చెడిపోయినదనుట అసత్యము. మీ ఇంట అంతర్జాలము ఎన్నడును లేదు."

లింబవ్వ చాట పక్కన పెట్టింది. "ఇదే ముక్క మొదలు జెప్పిన సారూ నేను. మీరు వినకపోతిరి. ఇప్పుడన్న రాసియ్యిండ్రి. బిడ్డా, సారుకు కాయితం దే."

స్పందన తెల్లకాగితం, పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

దిగంబర్‌రావు పెన్ను తీసుకున్నాడు. లేదు అని రాస్తే విజయోత్సవం అబద్ధం. పైగా లేదని తానే రాసిచ్చాక, నాలుగు వేల మూడు వందల పదహారు ఇళ్ళకూ పథకం కింద ఇవ్వక తప్పదు. ఉన్నది అని రాస్తే బాగుచెయ్యక తప్పదు. పెన్ను కాగితానికి అంగుళం పైన చాలాసేపు ఆగింది. చాయ చల్లారింది. ఆయన పెన్ను మూత పెట్టి, దాన్ని మర్యాదగా స్పందన చేతికిచ్చి, "పిల్ల ఏమి చదువుచున్నది?" అని అడిగాడు.

"ఇంటరు సార్. ఫిజిక్సు నెట్టులనే వింట."

"మంచిది, మంచిది," అన్నాడు దిగంబర్‌రావు, లేచి, డబ్బా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

అయితే ఆయన ఊరకే పోయే మనిషి కాదు. మూడో రోజున కొత్త సర్క్యులర్ దిగింది. దాన్ని తీసుకుని భూమేష్ నేరుగా లింబవ్వ ఇంటికే వచ్చాడు. వాకిట్లో ఆడవాళ్ళంతా చాటలతో ఉన్నారు. కాలేజీకి సెలవు కావడంతో స్పందన కూడా ఇంట్లోనే ఉంది. అతను నిలబడి గట్టిగా చదివాడు.

"ఇకమీదట అంతర్జాల అంతరాయ ఫిర్యాదులు కాగితము రూపమున స్వీకరింపబడవు. గృహమునందలి అంతర్జాలము ద్వారా పంపిన ఫిర్యాదులు మాత్రమే పరిశీలింపబడును."

ఇంకా కనెక్షను రానివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మళ్ళ అదే కత," అంది ఒకామె. "నెట్టు లేనోళ్ళు నెట్టుల ఎట్ల పంపుతరు?"

స్పందన చెయ్యి చాచి కాగితం తీసుకుంది. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చదివింది.

"భూమేషన్నా, గృహమునందు అన్నరు గని, ఎవరి గృహమో రాయలే."

భూమేష్ మెడ చాచి చూశాడు. నిజమే, రాయలేదు.

లింబవ్వ లేచి చాప దులిపి ఇంటి నడుమ పరిచింది. స్పందన పలక ఒళ్ళో పెట్టుకుని కూచుంది. గడప దగ్గర నుంచి వరుస మొదలై వాకిలి దాటింది, వీధి మలుపు తిరిగింది. పక్క ఊళ్ళ నుంచి కూడా ఆటోల్లో ఫ్రేములు పట్టుకుని వచ్చారు. ఒక్కొక్కరే గుమ్మంలో కూచుని పేరు చెప్పడం, స్పందన నింపడం. వరుసలో ఉన్నవాళ్ళు ఊరికే ఉండలేక లింబవ్వ చాట అందుకుని నాలుగేసి బీడీలు చుట్టి పోయారు. ఆ రోజు ఆమె చుట్టాల్సిన వెయ్యి బీడీలు మూడింటికల్లా అయిపోయాయి.

సాయంత్రానికి వరుస పలచబడింది. చివర్న ఒక మగమనిషి మెడలో బిళ్ళ తీసి జేబులో వేసుకుని, ఫ్రేము చొక్కా కింద దాచుకుని నిలబడి ఉన్నాడు. లింబవ్వ గుర్తుపట్టి ఆశ్చర్యపోయింది.

"నీకు సుత లేదారా తమ్మీ?"

"ఉన్నదక్కా, కాయితం మీద," అన్నాడు భూమేష్. "నా ఇల్లు నేనే సూసుకున్న, నేనే ఫోటో పంపుకున్న. నాకు సుత ఉన్నదనే అచ్చింది. ఆఫీసు ఫోను అయిదింటికి జమ జెయ్యాలె. మా పొల్ల ఎనిమిది సదువుతున్నది."

లింబవ్వ పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది. స్పందన పేరు రాసింది, ఊరు రాసింది, పత్రం నంబరు రాసింది. తర్వాతి గడి దగ్గర ఆగి అడిగింది.

"ఎప్పటి సంది పనిజేస్తలేదన్నా?"

భూమేష్ లోపల్లోపల లెక్కపెట్టుకున్నాడు.

"ఇల్లు గట్టినప్పటి సంది," అన్నాడు.